మూడు సూదుల బాకీ



గల్ఫ్ మెడికల్ అంటే ఏమిటో కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఎవరినడిగినా చెబుతారు. కోనసీమలో, కడపలో కూడా అంతే. పాస్‌పోర్టు చేయించుకుని, ఏజెంటు చేతిలో డబ్బు పోసి, వీసా వస్తోందన్న కబురు అందాక ఒక సెంటర్‌కు పంపుతారు. అక్కడ ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు, రక్తం తీస్తారు. రెండు మూడు రోజుల్లో ఫలితం వస్తుంది. ఫిట్ అని వస్తే విమానం ఎక్కడమే. అన్‌ఫిట్ అని వస్తే ఏజెంటుకు కట్టిన డబ్బు సంగతేమిటో, తెచ్చిన అప్పు సంగతేమిటో ఇంటికొచ్చి లెక్కలు చూసుకోవాలి.

ఆ అన్‌ఫిట్ కాగితం పట్టుకుని డాక్టర్ల దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామంది చూడడానికి దుక్కలా ఉంటారు. అలాంటి కుర్రాడొకడు ఆ మధ్య తల్లిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "సార్, నాకేం రోగం లేదు. మొన్నటిదాక సెంట్రింగ్ పనికి పోయిన. జరం గూడ రాలే. ఈ కాయితంల ఏందో పాజిటివ్ అని రాసిండ్రు" అన్నాడు. తల్లి ఇంకో ప్రశ్న వేసింది. "కామెర్లయితే కండ్లు పచ్చగ కావాలె గద సారూ, వీనికి యాడ పచ్చగున్నయి?" అప్పటికే ఆమె కొడుక్కి కంచం, గ్లాసు వేరు చేసేసింది. ఇంట్లో పెద్దకొడుకు పిల్లలున్నారు, వాళ్ళకు అంటుకుంటుందేమోనని భయం.

ఆమె ప్రశ్న సరైనదే. ఆ కాగితంలో పాజిటివ్ అని రాసింది హెపటైటిస్ బి వైరస్‌కు. దాని గురించి తెలుసుకోవలసిన విషయమంతా ఆ ప్రశ్నకు జవాబులోనే ఉంది.

మనం కామెర్లు అనేది జబ్బు కాదు, జబ్బు పైకి చూపించే గుర్తు. కాలేయం దెబ్బతిన్నప్పుడు ఒంట్లో పసుపు వన్నె పేరుకుని కళ్ళలో కనబడుతుంది. ఆ దెబ్బ కొట్టేవి చాలా ఉన్నాయి. వానాకాలంలో బోరునీళ్ళో, కొళాయి నీళ్ళో పాడైనప్పుడు ఊళ్ళో పదిమందికీ ఒకేసారి వచ్చే కామెర్లు సాధారణంగా హెపటైటిస్ ఎ గానీ, ఇ గానీ అయివుంటాయి. ఇవి నోటి ద్వారా వస్తాయి. కొన్ని వారాలు మంచాన పడేసి, చాలామందిలో వచ్చిన దారినే పోతాయి. బి వైరస్ దారి వేరు. అది నీళ్ళలో రాదు, అన్నంలో రాదు. రక్తం ద్వారా, వీర్యం, యోని స్రావాల ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే వస్తుంది. ఎండిపోయిన రక్తపు చుక్కలో, కంటికి కనబడనంత మరకలో కూడా ఈ వైరస్ కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. గడ్డం గీసే బ్లేడు మీద, పచ్చబొట్టు పొడిచే సూది మీద ఉండే ప్రమాదం అదే.

ఒంట్లోకి చేరాక ఏమవుతుందన్నది చేరిన నాటి వయసును బట్టి ఉంటుంది. ఈ ముక్క కాస్త నిదానంగా వినండి. పెద్దవాళ్ళలో నూటికి తొంభై అయిదు మంది పైగా ఈ వైరస్‌ను తమంతట తామే తరిమేస్తారు. కొందరికి కళ్ళు పచ్చబడతాయి, కొందరికి నీరసం తప్ప ఏమీ తెలియదు, ఆరు నెలలు తిరిగేలోపు రక్తం శుభ్రమైపోతుంది. పుట్టినప్పుడో, ఏడాదిలోపో సోకితే కథ తలకిందులు. అలాంటి పిల్లల్లో నూటికి తొంభై మందిలో వైరస్ తిష్ఠ వేస్తుంది. పసివాడి ఒంటికి దాన్ని శత్రువని గుర్తుపట్టే శక్తి ఉండదు. గొడవే లేదు కాబట్టి కామెర్లూ ఉండవు, కళ్ళూ పచ్చబడవు. పిల్లవాడు పెరుగుతాడు, బడికి పోతాడు, సెంట్రింగ్ పనికి పోతాడు. ఇరవై, ముప్పై ఏళ్ళపాటు కాలేయం లోలోపల కొద్దికొద్దిగా గట్టిపడుతూ ఉండవచ్చు. ఇలా తిష్ఠ వేసినవాళ్ళలో నూటికి ఇరవై నుంచి ముప్పై మందికి చివరికి కాలేయం పూర్తిగా గట్టిపడడమో, కాలేయ క్యాన్సరో వస్తుంది.

అందుకే ఆ తల్లితో, "అమ్మా, నీ రక్తం కూడా ఒకసారి చూద్దాం" అన్నాను. చూస్తే ఆమెకూ పాజిటివే. ఆమెకు ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో చెప్పగలిగేవాళ్ళు లేరు. ఆమె తల్లి నుంచి కావచ్చు, చిన్నప్పుడు ఏ సూదిమందు నుంచో కావచ్చు. అందులో ఆమె తప్పు వెంట్రుక వాసి కూడా లేదు. కంచం, గ్లాసు మాత్రం ఆ రోజే కలిపేయమని చెప్పాను. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, ముద్దుచేసినా, దగ్గినా తుమ్మినా ఈ జబ్బు రాదు. తల్లిపాల వల్లా రాదు. వేరుగా ఉంచాల్సినవి బ్లేడు, టూత్‌బ్రష్, గోళ్ళు తీసుకునే కత్తెర.

ఇక్కడ మన నాటు వైద్యం గురించి ఒక మాట. కామెర్లు అనగానే పసరు పోయించడానికి, ముక్కులో చుక్కలు వేయించడానికి, చేతిమీద వాత పెట్టించడానికి తీసుకుపోయేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. "ఫలానా ఊళ్ళో మూడు పూటలు తాగితే తగ్గిపోయింది" అంటారు. అబద్ధం కాదు, తగ్గే ఉంటుంది. నీళ్ళ కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గేవి, పెద్దవాళ్ళకు కొత్తగా వచ్చిన బి కూడా నూటికి తొంభై అయిదు మందిలో దానంతట అదే తగ్గేది. తగ్గబోయే జబ్బుకు మందిచ్చినవాడికి పేరు రావడంలో వింత లేదు. కామెర్లకు వాడే నేల ఉసిరి సంగతి వేరు. దాని మీద పరిశోధన జరగలేదనడానికి లేదు. మద్రాసులో పరీక్షించి, మంచి ఫలితం కనబడిందని 1988లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఆ వ్యాసం రాసినవాళ్ళలో బి వైరస్‌ను కనిపెట్టిన నోబెల్ శాస్త్రవేత్త బ్లంబర్గ్ కూడా ఒకరు. కానీ తరువాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. కాబట్టి దాన్ని నమ్ముకుని కూర్చోమని నేను చెప్పలేను. వాత పెట్టించడం మాత్రం శుద్ధ దండగ, పైగా పుండు.

బి వైరస్ చరిత్ర చూస్తే అది ఎక్కువగా సూది వెంటే నడిచింది. 1880ల్లో జర్మనీలోని బ్రెమెన్ నౌకాశ్రయంలో ఓడలు కట్టే కార్మికులకు మశూచి టీకాలు వేశారు. మనుషుల పొక్కుల నుంచి తీసిన ద్రవంతో వేసిన టీకాలవి. 1,289 మందికి వేస్తే కొన్ని నెలల్లో 191 మందికి కామెర్లు వచ్చాయి. టీకా వేయించుకోని వాళ్ళకు రాలేదు. 1942లో అమెరికా సైనికులకు పసుపు జ్వరం టీకాలో మనుషుల సీరం కలిపి ఇచ్చారు. ఆ టీకా వేయించుకున్నవాళ్ళలో దాదాపు యాభై వేలమంది కామెర్లతో ఆస్పత్రి పాలయ్యారు. అది హెపటైటిస్ బి అని రూఢి కావడానికి నలభై ఏళ్ళు పైగా పట్టింది. ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకోవడానికి వీల్లేదు. 2009లో గుజరాత్‌లోని మోడాసాలో ఈ జబ్బు ఒక్కసారిగా చెలరేగి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. వాడిన సిరంజీలు మళ్ళీ వాడడమే కారణమని తేలింది.

రక్తం ఎక్కించడం సంగతికొస్తే, అమితాబ్ బచ్చన్ తన అనుభవాన్ని చాలా సభల్లో దాచకుండా చెప్పారు. 1982లో కూలీ సినిమా షూటింగ్‌లో దెబ్బ తగిలినప్పుడు ఎందరో ఇచ్చిన రక్తం ఆయనకు ఎక్కించారు. అందులో ఎవరిదో ఒకరి రక్తం ద్వారా హెపటైటిస్ బి వచ్చిందనీ, ఆ సంగతి ఏళ్ళు గడిచాక తెలిసిందనీ, అప్పటికే కాలేయంలో 75 శాతం పోయిందనీ ఆయనే చెప్పుకున్నారు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతంలో హెపటైటిస్ ప్రచారానికి ఆయన్ని ఎంచుకుంది. ఇప్పుడు మన దేశంలో దానం చేసిన ప్రతి రక్తాన్నీ హెపటైటిస్ బి కోసం పరీక్షించడం తప్పనిసరి. మిగిలిన భయం చిన్న క్లినిక్‌లలో, ఊరి సూదుల దగ్గర. మనవాళ్ళకు సూది పొడిస్తే గానీ జబ్బు తగ్గినట్టు ఉండదు. గోలీతో పోయే జ్వరానికి సూది అడిగి మరీ వేయించుకుంటారు. అడిగే అలవాటు మానుకుంటే మంచిది. తప్పనిసరై వేయించుకోవలసి వస్తే కొత్త సిరంజి కవరు మీ కళ్ళముందు చింపమనండి. డాక్టరు ఏమనుకుంటాడో అని మొహమాట పడకండి.

ఇక టీకా దగ్గరికి వద్దాం. ఇందాక చెప్పిన అమెరికన్ శాస్త్రవేత్త బరూచ్ బ్లంబర్గ్ 1960ల్లో ఈ వైరస్ జాడ కోసం వెతకలేదు. రకరకాల జాతుల మనుషుల రక్తంలో తేడాలను పోల్చి చూస్తున్నాడు. ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో ఏదో కొత్త పదార్థం కనబడింది. దానికి ఆస్ట్రేలియా యాంటిజన్ అని పేరుపెట్టారు. అది బి వైరస్ పైపొర అని తరువాత తేలింది. ఈ రోజు మన రిపోర్టుల్లో హెచ్‌బీఎస్ ఏజీ అని ఉండేది అదే. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పుట్టినరోజు జూలై 28. అందుకే ఆ రోజును ప్రపంచ హెపటైటిస్ దినం చేశారు. మొదటి టీకా 1981లో అమెరికాలో అనుమతి పొందింది. దాన్ని జబ్బు ఉన్నవాళ్ళ రక్తం నుంచే ఆ పైపొరను వేరుచేసి తయారుచేసేవారు. 1986 నుంచి ఆ అవసరం పోయింది. పైపొరను తయారుచేసే జన్యువును ఈస్ట్‌లో పెట్టి, ఈస్ట్ చేతనే ఆ ప్రొటీన్ తయారుచేయించడం మొదలుపెట్టారు. ఇప్పుడు మనం వేయించుకునే టీకాలు ఈ రకానివే. వాటిలో బతికున్న వైరస్ లేదు, చచ్చిన వైరస్ కూడా లేదు, ఒట్టి పైపొర ప్రొటీన్ మాత్రమే. కాబట్టి టీకా వల్ల జబ్బు రావడమన్న ప్రసక్తే లేదు.

ఈ టీకాకు హైదరాబాద్‌తో ఉన్న సంబంధం మనలో చాలామందికి తెలియదు. 1990ల మొదట్లో ఈ టీకా మన దేశానికి దిగుమతి కావలసిందే. ఒక్కో డోసు వందల రూపాయలు. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు వరప్రసాద్ రెడ్డి 1992లో జెనీవాలో టీకాల మీద జరిగిన ఒక సమావేశానికి వెళ్ళాడు. టీకా తయారీ విజ్ఞానం కోసం విదేశీ కంపెనీని అడిగితే చిన్నచూపు చూశారు. తిరిగొచ్చి 1993లో తల్లి శాంతమ్మ పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టాడు. టీకాల గురించి ఆయన చదువుకున్నది లేదు, చదువుకున్నవాళ్ళను చేరదీశాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మొదలై, తరువాత హబ్సిగూడలోని సీసీఎంబీలో పని సాగింది. 1997 ఆగస్టులో షాన్‌వాక్ బి మార్కెట్‌లోకి వచ్చింది. జన్యు ఇంజనీరింగ్‌తో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా అది. డోసు ధర యాభై రూపాయల దగ్గరికి దిగింది. ఆ తరువాత హైదరాబాద్‌లోనే మరికొన్ని కంపెనీలు ఈ టీకా తయారీకి దిగాయి. ప్రపంచంలో ఎన్నో దేశాల పిల్లలకు ఇక్కడి టీకా వెళ్ళింది.

అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగిన ముప్పై ఏళ్ళవాడిని "నీకు హెపటైటిస్ బి టీకా వేశారా" అని అడిగితే "ఏమో" అంటాడు. దానికి కారణం ఉంది. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలోకి ఇది 2002లో కొన్ని నగరాల్లో, కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా వచ్చింది. 2007-08లో పది రాష్ట్రాలకు పెరిగింది, అందులో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశమంతటికీ వచ్చింది 2011లో. ఈ రోజు పుట్టిన బిడ్డకు ఇరవై నాలుగు గంటల్లోపు ఒక డోసు, తరువాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు అయిదు జబ్బుల టీకాతో కలిపి ఇంకో మూడు ఉచితంగా వేస్తున్నారు. తైవాన్ 1984లోనే ఇలా మొదలుపెట్టింది. అక్కడ పదేళ్ళు తిరిగేసరికి పిల్లల్లో కాలేయ క్యాన్సర్లు సుమారు సగానికి తగ్గాయి. ఒక టీకా క్యాన్సర్‌ను ఆపగలదని ప్రపంచం మొదట చూసింది అక్కడే. మన దగ్గర కూడా పిల్లల సంగతి ఒక గాడిన పడింది. 2007కు ముందు పుట్టినవాళ్ళలో మాత్రం, ప్రైవేటులో డబ్బు పెట్టి వేయించిన తల్లిదండ్రుల పిల్లలు, ఆ ప్రయోగం జరిగిన చోట్ల టీకా పడినవాళ్ళు తప్ప, తక్కినవాళ్ళందరికీ పెద్దవాళ్ళకు వేసే మూడు సూదులు బాకీయే. ఇప్పుడు గల్ఫ్‌కు, అమెరికాకు, ఇంగ్లండ్‌కు వెళ్తున్నది సరిగ్గా ఈ వయసువాళ్ళే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో హెపటైటిస్ బి ఉన్నవాళ్ళు 2 కోట్ల 98 లక్షల మంది. వాళ్ళలో ఎక్కువమందికి ఆ సంగతి తెలియదు.

మరి పెద్దవాళ్ళు నూటికి తొంభై అయిదు మంది తమంతట తామే బాగుపడతారని చెప్పి, మళ్ళీ టీకా ఎందుకంటారా? మిగిలిన ఆ అయిదుగురిలో మీరు ఉండరని హామీ లేదు కాబట్టి. కొత్తగా వచ్చిన జబ్బే ముదిరి కాలేయం ఒక్కసారిగా పనిమానేసేవాళ్ళు తక్కువే అయినా ఉన్నారు. షుగర్ ఉన్నవాళ్ళకు, డయాలిసిస్‌లో ఉన్నవాళ్ళకు ప్రమాదం ఇంకా ఎక్కువ. భార్యకో భర్తకో పాజిటివ్ ఉంటే ఇక ఆలోచించే పనే లేదు.

టీకాకు ముందు రక్తపరీక్ష చేయించుకోండి. మూడు పరీక్షలు కలిపి చేయిస్తే బొమ్మ పూర్తిగా కనబడుతుంది. హెచ్‌బీఎస్ ఏజీ పాజిటివ్ అయితే వైరస్ ఒంట్లో ఉన్నట్టు. యాంటీ హెచ్‌బీసీ పాజిటివ్ అయితే ఎప్పుడో ఒకప్పుడు సోకినట్టు. యాంటీ హెచ్‌బీఎస్ ఒక్కటే ఉంటే టీకా రక్షణ ఉన్నట్టు. మూడూ లేకపోతే మీకు టీకా కావాలి. పరీక్షకు రక్తమిచ్చిన రోజే మొదటి సూది కూడా వేయించుకోవచ్చు, కానీ రక్తం ముందు, సూది తరువాత. గల్ఫ్‌కు వెళ్ళేవాళ్ళు దీన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. టీకాలో ఉన్నది ఆ పైపొర ప్రొటీనే కాబట్టి, సూది వేసిన తరువాత రెండు మూడు వారాల దాకా కొందరి రక్తంలో హెచ్‌బీఎస్ ఏజీ పాజిటివ్‌గా కనబడవచ్చు. అది జబ్బు కాదు. కానీ మెడికల్ సెంటర్ కాగితానికి ఆ తేడా తెలియదు. మంచికని టీకా వేయించుకుని వారంలో మెడికల్‌కు వెళ్తే లేనిపోని తంటా. సూదికీ మెడికల్‌కూ మధ్య నెలరోజులు ఎడం ఉంచండి.

మామూలు పద్ధతిలో పెద్దవాళ్ళకు మూడు డోసులు. ఈ రోజు ఒకటి, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. మూడోది వేయించుకోకుండా వదిలేసేవాళ్ళే ఎక్కువ. మధ్యలో ఆలస్యమైతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలన్నది అపోహ. ఎక్కడ ఆగారో అక్కడి నుంచి కొనసాగిస్తే చాలు. వీసా చేతికొచ్చింది, టైం లేదు అనేవాళ్ళకు తొందర పద్ధతి ఒకటుంది. మొదటి రోజు, ఏడో రోజు, ఇరవై ఒకటో రోజు మూడు సూదులు, ఏడాదికి నాలుగోది. ఆ నాలుగోది వదలకూడదు, అక్కడ విదేశంలోనే వేయించుకోవాలి. మీకు ఏ పద్ధతి సరిపోతుందో డాక్టరు చెబుతారు.

సూది వేసే చోటు కూడా ముఖ్యమే. భుజం కింద ఉండే కండలోకే వేయాలి. పిరుదు మీద వేస్తే అక్కడ కొవ్వు ఎక్కువ ఉండడం వల్ల టీకా సరిగా పనిచేయదు. నర్సమ్మ పక్కకు తిరగమంటే చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించండి. సీసాను కూడా చూడండి. కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి మడ్డి, పైన తేట నీళ్ళు కనబడతాయి. ఊపితే అంతా కలిసి పలచని పాలరంగులోకి రావాలి. ఊపినా గడ్డలు, రవ్వలు తేలుతున్నాయంటే అది ఎక్కడో గడ్డకట్టిన టీకా, పనికిరాదు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్యే దాన్ని ఉంచాలి, డీప్ ఫ్రీజర్‌లో కాదు. మందులషాపులో కొని సంచిలో వేసుకుని ఎండలో తిరిగి ఆస్పత్రికి తేవడం కన్నా, ఆస్పత్రిలోనే వేయించుకోవడం మేలు.

సూది వేసిన చోట ఒకటి రెండు రోజులు నొప్పి, కొందరికి కాస్త జ్వరం, అంతే. గర్భిణులు కూడా వేయించుకోవచ్చు. ఈస్ట్ వల్ల గానీ, ఇంతకుముందు వేసిన డోసు వల్ల గానీ తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్ళు మాత్రం డాక్టరుకు ముందే చెప్పాలి. నలభై దాటాక, పొగతాగేవాళ్ళలో, లావుగా ఉన్నవాళ్ళలో టీకా కొంచెం తక్కువగా పనిచేస్తుంది. అందుకే ఇరవైల్లోనే వేయించుకోవడం తెలివి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు మూడూ పూర్తయితే కనీసం ముప్పై ఏళ్ళు రక్షణ ఉంటుందని తేలింది, బూస్టర్లు అక్కర్లేదు. ఆస్పత్రుల్లో పనిచేసే నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, వైద్య విద్యార్థులు మాత్రం మూడో డోసు తరువాత ఒకటి రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ స్థాయి చూపించుకోవాలి. అది పది యూనిట్లకు తగ్గకూడదు. జార్జియా, కిర్గిజిస్తాన్, ఫిలిప్పీన్స్ వెళ్ళి మెడిసిన్ చదివే మన పిల్లల తల్లిదండ్రులు దీన్ని చెవిన వేసుకోవాలి. ఫీజులు, హాస్టలు, విమాన టికెట్టు అన్నీ లెక్కపెడతారు గానీ, పిల్ల మొదటిసారి వార్డులో సూది పట్టుకునేలోపు ఒంట్లో రక్షణ ఉందా అని ఎవరూ అడగరు. ఇంగ్లండ్‌కు వెళ్ళే నర్సులను అక్కడి ఆస్పత్రి ఎలాగూ అడుగుతుంది. ఇక్కడే పూర్తి చేసుకుని వెళ్తే అక్కడ పరుగులు తప్పుతాయి.

బయటి దేశంలో ఉన్నప్పుడు తెలియని చోట పచ్చబొట్లు పొడిపించుకోవడం, చెవులు కుట్టించుకోవడం వద్దు. కటింగ్ షాపులో కొత్త బ్లేడు అడగండి. పంటినొప్పి ఇక్కడే చూపించుకుని వెళ్ళండి. ఎక్కడైనా రక్తమున్న సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో కడిగి, ఇరవై నాలుగు గంటల్లోపు ఆస్పత్రికి వెళ్ళండి. టీకా, దాంతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ ఇస్తే జబ్బు రాకుండా చాలావరకు ఆపవచ్చు.

పాజిటివ్ అని తేలినవాళ్ళకు టీకా పనిచేయదు, కానీ అంతటితో జీవితం అయిపోలేదు. పొలంలో తుంగను పైన కోసినా గడ్డ భూమిలో ఉండిపోయినట్టు, మందులు వైరస్‌ను అణచగలవు గానీ కాలేయ కణాల్లో దాగిన మూలాన్ని పూర్తిగా పీకేయలేవు. అయినా అణచి ఉంచడమే చాలా పెద్ద పని. టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు ఏళ్ళ తరబడి వాడినవాళ్ళు హాయిగా పనిచేసుకుంటున్నారు. అందరికీ మందు కూడా అవసరం ఉండదు. వైరస్ ఎంత ఉంది, కాలేయం ఎలా ఉంది అన్నది చూసి నిర్ణయిస్తారు. మందు అవసరం లేదన్నా ఆరు నెలలకోసారి చూపించుకోవడం మానకూడదు. మద్యం ముట్టకూడదు. క్యాన్సర్‌కో, కీళ్ళవాతానికో, మరే జబ్బుకో రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మొదలుపెట్టే ముందు ఈ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి, లేకపోతే అణగి ఉన్న వైరస్ లేచి కూర్చుంటుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ వైద్యశాలల్లో పరీక్షలు, మందులు ఉచితం. పెళ్ళికి కూడా ఇది అడ్డు కాదు. కాబోయే భార్యకో భర్తకో టీకా పూర్తయి, రక్షణ వచ్చిందని తేలితే భయపడాల్సింది లేదు. దీనికోసం నిశ్చితార్థాలు రద్దు చేసుకునే పెద్దమనుషులు ఈ మాట కాస్త వినాలి. పాజిటివ్ ఉన్న గర్భిణి ముందే ఆ సంగతి చెప్పి ఆస్పత్రిలోనే పురుడు పోసుకోవాలి. పుట్టిన బిడ్డకు పన్నెండు గంటల్లోపు టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ రెండూ పడితే ఆ బిడ్డ పాజిటివ్ కాకుండా పెరిగే అవకాశం చాలా ఎక్కువ.

పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసిన రోజే టీకా మొదలుపెట్టండి. వీసా వచ్చేదాకా ఆగవద్దు. టీకా కార్డు ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి. మూడో సూది తేదీ ఇంట్లో క్యాలెండరు మీద రాసి, ఆ తేదీన గుర్తుచేయమని ఇంట్లోవాళ్ళకు చెప్పండి.